డేరాకు తిరిగి రావడం

ఆ పెట్టెను మా చెల్లెలు తెచ్చింది. వేసవి సెలవులకు విజయవాడ నుంచి వచ్చి, మామిడిపళ్లతోపాటు మా అమ్మాయి చేతిలో పెట్టింది. పిల్లల కోసం చేసిన నిధి వేట, కార్డులతో ఆడేది. మూత వెనక ఈ ఆట వల్ల పిల్లలకు కలిగే లాభాలన్నీ వరసగా అచ్చేశారు. జ్ఞాపకశక్తి పెరుగుతుంది, లెక్కలు వస్తాయి, ఓర్పు అలవడుతుంది, సొంతంగా నిర్ణయం తీసుకోవడం తెలుస్తుంది. మోకాళ్ల నొప్పుల తైలం సీసా మీద కూడా ఇన్ని లాభాలు రాయరు. అచ్చులో కనిపించిన మాటతో ముందు తగాదా పడి, ఓడిపోతే అప్పుడు నమ్మడం నా పద్ధతి. ఈ పెట్టెతోనూ అలాగే మొదలుపెట్టాను.

ఆట చాలా తేలిక. కార్డుల కట్టను మధ్యలో బోర్లా పెడతారు. వంతు వచ్చినవాళ్లు ఒక్కొక్క కార్డే తిప్పుకుంటూ పోతారు. బంగారం పడవచ్చు, రత్నం పడవచ్చు, ఆపదా పడవచ్చు. ఆపదలు నాలుగు రకాలు: పాము, బండ, వరద, దొంగ. ఒక్కో రకానికి మూడేసి కార్డులు. ఒక ఆపద మొదటిసారి పడితే ఫరవాలేదు. అదే వంతులో అదే ఆపద మళ్లీ పడిందా, ఆ వంతులో ఏరుకున్నదంతా పోతుంది. ఎక్కడైనా ఆగవచ్చు. "డేరా" అనేసి, దొరికిన నిధిని తన ముందు పెట్టుకుంటే ఇక దాన్ని ఎవరూ తీసుకోలేరు. అప్పటిదాకా తిప్పిన ఆపదలన్నీ అందరికీ కనిపించేలా చాప మీద వెల్లకిలా పడి ఉంటాయి. ఏవి వెళ్లిపోయాయో, ఏవి ఇంకా కట్టలో ఉన్నాయో చూసుకుని, ఇంకొకటి తియ్యాలా, డేరాకు వెళ్లిపోవాలా అని తేల్చుకోవాలి. ఆట మొత్తం అంతే.

"పేకాటే కదా ఇది. బొమ్మలు మార్చారు," అన్నారు మా ఆయన.

"పేకాటలో ఎదుటివాళ్ల ముక్క కనపడదు. ఇందులో అన్నీ కళ్లెదుటే ఉంటాయి. చూసేవాళ్లకి కళ్లుంటే చాలు."

"నాకూ కళ్లున్నాయి. చూసే నిన్ను చేసుకున్నాను," అని పేపరు అడ్డం పెట్టుకున్నారు.

మేముండే కాలనీ గుండ్లపోచంపల్లిలో పాత ఊరికి ఆనుకుని ఉంటుంది. మా వీధిలో సగం ఇళ్లు కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లవి. వెనక గోడ దాటితే ఊరు, ఊరు దాటితే గోదాములు, వాటి ముందు లైను కట్టిన లారీలు. ఆదివారం మధ్యాహ్నాలు పిల్లలు ఫోన్ల మీద పడి ఉంటున్నారని ప్రతి తల్లీ నిట్టూరుస్తుంది కానీ వాళ్లతో కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. నేను మా వరండాలో చాప పరిచాను. మా అమ్మాయి, పక్కింటి అన్నాచెల్లెళ్లు, గోడ అవతల ఊరి నుంచి మా అమ్మాయి స్నేహితురాలు. ఈ చివరి పిల్ల గురించే నేను చెప్పబోయేదంతా.

ఆ పిల్లా, మా అమ్మాయీ ఒకే బడి, ఒకే తరగతి, మేడ్చల్ వైపు వెళ్లే ఒకే వ్యాను. తల్లి ఊరి మొదట్లో, ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. నా జాకెట్లన్నీ ఆమె కుట్టినవే. చేతుల బిగుతు దగ్గర మా ఇద్దరికీ ప్రతిసారీ గొడవే. నేను వదులుండాలంటాను, ఆమె "గట్లయితే అంగీ తొడుక్కో అక్కా" అంటుంది. తండ్రి గోదాములో సామాను బండి నడుపుతాడు. అతన్ని నేను పొద్దున పూట బండి తుడుచుకుంటుండగా చూడటమే కానీ మాట్లాడింది లేదు.

పిల్ల లెక్కల్లో వెనకబడిందని బడి డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపేవారట. మా చాప మీద మాత్రం అలా అనిపించలేదు. మొదటి రెండు ఆదివారాలు మాట్లాడకుండా చూసింది. మూడో ఆదివారం, మా అమ్మాయి చేయి కట్ట మీదికి వెళ్తుంటే ఆపింది.

"తియ్యకు. నీకు పాము వడ్డది. చాప మీద వేరే పాములు ఏం లేవు. ఇంక రెండు కట్టల్నే ఉన్నయ్."

"ఉంటే ఉన్నాయి, ఇంకా బోలెడు బంగారం కూడా ఉందిగా," అంది మా అమ్మాయి. తీసింది. పామే.

"జెప్పిన గద!"

ఎవరూ నేర్పని తీసివేతలు ఆ పిల్ల నోటితో చేసేది. మూడులో రెండు పోతే ఒకటి. ఒకటి ఉంది కానీ కట్ట ఇంకా పెద్దగా ఉంది, అంటే భయం తక్కువ. అదే ఒకటి ఉంది, కట్ట సన్నబడింది, అంటే భయం ఎక్కువ. నేను కాలేజీలో సంభావ్యత అనే పాఠాన్ని బొమ్మా బొరుసుల ఉదాహరణతో బట్టీ పట్టి పాసయినదాన్ని. ఆ పాఠం ఒక పిల్ల వేళ్ల చివర కూర్చుని, వెళ్లాలా వద్దా అని తడుముకోవడం అప్పుడే చూశాను. పెట్టె వెనక రాసినదాంట్లో ఒక్క లెక్కల మాట వరకూ ఒప్పుకున్నాను. మిగిలినవాటి మీద నా తగాదా అలాగే ఉంది.

శ్రావణం వెళ్లాక ఒక మధ్యాహ్నం ఆ తల్లి మా గేటు దగ్గరికి వచ్చింది. గేటు తియ్యలేదు. మీదుగా చేయి చాపింది. చేతినిండా అట్టముక్కలు.

"అక్కా, గివి ఏంది?"

నేను గేటు దాకా వెళ్లేలోపే మళ్లీ అడిగింది.

"మా బిడ్డ బ్యాగుల దొర్కినయ్. నీ ఇంట్ల నేర్చిందట. నువ్వేనా నేర్పింది?"

"నేనే నేర్పాను. లోపలికి రామ్మా, ఎండలో నిలబడి ఏంటిది?"

"లోపలికి రాను. నువ్వు జెప్పు. పత్తాలాటనా, కాదా?"

పత్తాలంటే ఇక్కడ పేకముక్కలు. "కాదు," అన్నాను. "పిల్లల ఆట. నిధి వెతుక్కునే ఆట." అట్టముక్కలు తీసుకుని చూశాను. చొక్కా గుడ్డల ప్యాకెట్లలో వచ్చే అట్టలను ఆ పిల్ల సమంగా కత్తిరించి, స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీసింది. బంగారానికి పసుపు చుక్కలు. పాము ఉంది, బండ ఉంది, దొంగ ఉన్నాడు. వరద లేదు. వరద ఉండాల్సిన చోట ఒక జీపు, జీపు మీద ఒకపక్క ఎర్ర రంగు, ఒకపక్క నీలం రంగు దీపం.

"పోలీసు జీపు," అంది తల్లి. "మూడు గీసింది."

అప్పుడు లోపలికి వచ్చింది. వరండా మెట్టు మీద కూర్చుంది. నీళ్లిస్తే తాగలేదు, గ్లాసు పట్టుకుని కూర్చుంది. చెప్పింది.

ఆమె భర్త శామీర్‌పేట అవతల ఎవరిదో ఫాంహౌస్‌లో పేకాట ఆడుతూ పట్టుబడ్డాడు. పట్టుబడినవాళ్లను నేల మీద కూర్చోబెట్టి, ముందు ముక్కలూ ఫోన్లూ పరిచి ఫొటో తీశారు. అలాంటి ఫొటోలు మా వైపు ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి. ఆ ఫొటో మా కాలనీ గ్రూపులోకి కూడా వచ్చింది. అందరి మొహాలకీ చేతిరుమాళ్లు ఉన్నాయి కాబట్టి అందులో ఎవరున్నారో ఎవరికీ తెలియలేదు.

"దస్తీ కట్టుకున్నడు. మొకం కనవడదు. గని అంగీ నేను కుట్టిందే గదా అక్కా. జేబు మీద గీతలు అడ్డం వచ్చేటట్ల కుట్టిన. గసుంటి జేబు ఇంకెవ్వలకు లేదు. ఫోన్ల సూడంగనే గుర్తువట్టిన." గ్లాసు పక్కన పెట్టింది. "నాకంటె ముంగట బిడ్డ గుర్తువట్టింది. వ్యాన్ల ఎవలో పోరగాళ్లు ఫోన్ సూపిస్తె, 'గిది మా నాయిన అంగీ' అన్నదట. మస్తు సంబురంగ అన్నదట. మా నాయిన ఫొటో వచ్చిందని."

ఆ వ్యానులో మా అమ్మాయి కూడా ఉంది. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. పిల్లలు కొన్నిటిని ఎందుకు చెప్పరో ఏ పెట్టె వెనకా రాసి ఉండదు.

నేను వాదించే మనిషిని. ఎదుటి మనిషి బాధలో ఉన్నా, తప్పు మాట అనిపిస్తే వదలను. "ఇందులో డబ్బు లేదు కదమ్మా," అన్నాను.

"మా ఆయన గూడ మొదాలు పైసలు లేకుంటనే ఆడిండు. టైంపాస్ అన్నడు."

"అది వేరు, ఇది వేరు. నీ కూతురు ఇప్పుడు తీసివేతలు నోటితో చేస్తోంది. ఏ కార్డు వెళ్లిందో, ఏది మిగిలిందో గుర్తుపెట్టుకుంటోంది. బడిలో రాని లెక్క ఇక్కడ వస్తోంది."

"అక్కా, మా ఆయనకు యాది తక్వనా? ఎవల చేతుల ఏ పత్తా ఉన్నదో, ఏది పోయిందో, అన్నీ యాదుంటయ్. లెక్క తక్వనా? గోదాంల సార్లు గూడ ఆయన్నే అడుగుతరు. గవన్నీ ఉన్నయ్. ఆగుడే రాదు."

"ఈ ఆటలో నేర్పేది అదే. ఆగడం."

"ఆట ఆగుడు నేర్పుతదా?" అంది. "ఆట ఆడుడు నేర్పుతది."

ఆమె అట్టముక్కలను నా చేతిలోంచి తీసుకుని ఒకదాని మీద ఒకటి సర్దుతూ, గొంతు తగ్గించింది.

"తలుపు సందుల నుంచి జూసిన అక్కా. గీ అట్టలను గిట్ల రెండు పాళ్లు జేసి, వేళ్లతోటి ఒకదాంట్ల ఒకటి కలుపుతాంది. నువ్వు నేర్పినవా?"

నేను నేర్పలేదు. మా వరండాలో పిల్లలు కార్డులను చాప మీద కుప్ప పోసి అరచేతులతో తిప్పడమే కలపడం.

"అచ్చం ఆయన చేతులే. నెత్తురుల వస్తదా అక్కా గిది? నువ్వు సదువుకున్నదానివి. నాకు జెప్పు."

"రాదు," అన్నాను. వెంటనే అన్నాను. తెలిసి అన్నది కాదు. తెలిసినవాళ్లయితే అంత తొందరగా చెప్పరని ఆమెకు అర్థమయ్యే ఉంటుంది. లేచింది.

"ఒక ఆదివారం వచ్చి కూర్చో," అన్నాను. "నీ కళ్లతో చూడు. అప్పుడు వద్దంటే ఆ పిల్లను రావద్దని నేనే చెబుతాను."

"నాకు పనుంది."

"హుక్కులు కుట్టే పని తెచ్చుకో."

గేటు లాగి వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం పిల్ల రాలేదు. ఆ తర్వాతా రాలేదు. వ్యానులో వేరే సీట్లో కూర్చుంటోందని మా అమ్మాయి చెప్పింది. "దానికి నా మీద కోపమా అమ్మా?" అని అడిగింది. కోపం కాదన్నాను. మరేంటంది. నాకు తెలిస్తే చెప్పేదాన్ని. ఆ మధ్యలో జాకెట్టు గుడ్డ తీసుకుని వెళ్లాను. ఆమె కొలతలు తీసుకుంది, చేతులు వదులుగా కావాలంటే సరేనంది. నేను చెప్పినట్టే కుట్టి ఇచ్చింది. ఒక్క మాట ఎదురు లేదు. ఆ జాకెట్టు తొడుక్కున్నప్పుడల్లా నాకు ఇబ్బందిగానే ఉండేది.

ఇంట్లో ఆ వాదన తెగలేదు. మా ఆయనతో దాన్ని మళ్లీ మళ్లీ ఆడాను. ఒకసారి ఆమె వైపు, ఒకసారి నా వైపు. "ఆవిడ చెప్పింది నిజమే కదా," అన్నారాయన. "తెలివి వేరు, అదుపు వేరు. నీకు తెలివుంది. అదుపుందా?" నా గురించి అన్నారని వదిలేశాను. కానీ ఆ మాట నాలో ఉండిపోయింది. ఆటల వల్ల పిల్లలు మంచివాళ్లవుతారని నేనెప్పుడూ అనుకోలేదు. కబడ్డీ ఆడినవాళ్లందరూ ధైర్యవంతులు కాలేదు, చదరంగం ఆడినవాళ్లందరికీ ముందుచూపు రాలేదు. నేననుకున్నది ఒకటే. పోగొట్టుకోవడం అనేది ఎక్కడో ఒకచోట చిన్నగా తెలియాలి. పసుపు చుక్కల బంగారం పోతే ఏడుపు వస్తుంది, అది కాసేపటికి పోతుంది, మళ్లీ వంతు వస్తుంది. ఈ మాత్రం అలవాటు లేకుండా పెద్దయితే, మొదటిసారి నిజంగా పోగొట్టుకున్నప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఈ మాట ఆమెకు చెప్పాలనుకున్నాను. జాకెట్టు తెచ్చుకున్న రోజు నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను.

ఆమె వచ్చింది. ఒక ఆదివారం, పిల్లను ముందు నడిపించుకుని, చేతిలో సగం కుట్టిన జాకెట్టు పెట్టుకుని వచ్చింది. మెట్టు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. నేను అడక్కుండానే చెప్పింది.

"గా అట్టలన్నీ పొయ్యిల వెట్టిన అక్కా. బిడ్డ మల్ల కోసుకుంది. బియ్యం డబ్బ ఎన్కాల దాసింది. ఆయన గూడ దాసే ఆడిండు. దాసి ఆడుడు కంటె నా ముంగట ఆడనీ, సూస్త."

పిల్లలు చాప చుట్టూ చేరారు. ఆ పిల్ల తల్లికి వీపు పెట్టి కూర్చుంది. కార్డులు ఎప్పట్లా కుప్ప పోసి తిప్పారు. ఆ పిల్ల వేళ్లతో కలపలేదు.

మొదటి వంతులో ఆ పిల్లకు బంగారం, రత్నం, పాము, మళ్లీ బంగారం పడ్డాయి. చాప మీద ఇంకే పామూ లేదు. ఇంతకుముందైతే అక్కడ డేరా అనేది. ఆ రోజు అనలేదు. చూపించుకోవాలనుకుందో, చాలా రోజుల ఆకలో. ఇంకొకటి తీసింది. పాము. పక్కింటి పిల్లాడు చప్పట్లు కొట్టాడు. ఆ పిల్ల మెడ దగ్గర నుంచి చెవుల దాకా ఎర్రబడింది.

వెనక మెట్టు మీద సూది కదలడం లేదు. నేను చూశాను.

వంతు తిరిగి వచ్చింది. బంగారం. వరద. బంగారం. ఈసారి కట్ట సన్నబడిపోయింది. మిగిలిన వరదలు రెండూ అందులోనే ఉన్నాయి.

"డేరా అనవే," అంది మా అమ్మాయి.

"ఉండు."

"వరదలు రెండూ ఉన్నాయే. నువ్వే చెబుతావుగా ఎప్పుడూ!"

"నాకెర్కనే. ఉండు. పోయింది రావాలె."

తీసింది. రత్నం. చేయి ఆగలేదు. "ఇంకొక్కటి," అని తనలో తాను అనుకుంటున్నట్టు అంది. ఆ తర్వాతి కార్డు వరద.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తల్లి లేచి నిలబడింది. ఒళ్లోని జాకెట్టు జారి మెట్టు మీద పడింది. చెయ్యి పట్టుకుని లాక్కుపోతుందనుకున్నాను. ఇదిగో చూశావా అక్కా అంటుందనుకున్నాను. నేను చెప్పిన ఆగడం ఏదీ అక్కడ జరగలేదు. లెక్క తెలిసిన పిల్ల, నోటితో లెక్క చెబుతూనే తీసింది.

ఆమె చాప మీదికి వచ్చి కూతురి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పక్కింటి పిల్లలు జరిగారు.

"వరదలు ఎన్ని ఉన్నయో నీకెర్కనేనా?"

పిల్ల తల ఊపింది.

"నోటితోటి జెప్పు."

"రెండు."

"మరెందుకు తీసినవే?"

"పోయింది మల్ల రావాలని."

"నీ నాయిన గూడ గదే అన్నడు. స్టేషన్ నుంచి ఇంటికొచ్చినంక అడిగితె, గదే మాట."

పిల్లల ముందు అనాల్సిన మాట కాదని నాకు అనిపించింది. అడ్డం పడబోయాను. అంతలో ఆ పిల్ల తలెత్తి తల్లిని చూసింది. మొదటిసారి.

"అమ్మా, నాయిన ఎందుకు ఆగలే?"

ఇది వ్యానులో ఫొటో చూసిన రోజు నుంచీ ఆ పిల్లలో ఉన్న ప్రశ్న అయి ఉంటుంది. ఇంట్లో ఎవరూ అడగనివ్వలేదు, చెప్పనూ లేదు. తల్లి చాప మీది వరద కార్డును తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. నీలం రంగు నీళ్లు, మునిగిపోతున్న గుడారం.

"ఆగితె ఇంటికి రావాలె బిడ్డా," అంది. "ఇంటికొస్తె నా మొకం జూడాలె. పోయింది అని జెప్పాలె. జెప్పుతె నేను ఊకుంటనా? ఆడినన్ని దినాలు, ఇంకా ఏం పోలే, మల్ల వస్తది అనుకోవచ్చు. లేస్తేనే పోయినట్టు. గందుకని లేవలే."

నేను చదువుకున్నదాన్ని, మనుషుల మీద గట్టి అభిప్రాయాలున్నదాన్ని. జూదగాడికి ఆశ ఎక్కువని, బుద్ధి లేదని, స్నేహాలు మంచివి కావని అనుకునేదాన్ని. ఇంటికి వచ్చి మొహం చూపించలేక కూర్చుంటాడని నాకెప్పుడూ తట్టలేదు. ఆమెకు కూడా అంతకుముందు తట్టి ఉండకపోవచ్చు. కూతురు అడిగితే చెబుతూ చెబుతూ తెలుసుకున్నట్టే ఉంది ఆమె గొంతు.

"నేను గూడ గట్లనే అయితనా?" అంది పిల్ల.

నన్ను అడిగినప్పుడు నేను వెంటనే రాదన్నాను. ఆమె అలా అనలేదు.

"నాకేం ఎర్క? నువ్వు తీసినవు, నేను జూసిన." కార్డును చాప మీద పెట్టింది. "ఇను. గీ ఆట ఆడు. నేను వద్దన. గని పోగొట్టుకున్న దినం ఇంటికొచ్చి నాకు జెప్పాలె. అమ్మా, ఇయాల పోయింది అని జెప్పాలె. నేను తిట్ట. ఒట్టు. జెప్పకుంట దాసినవనుకో, గప్పుడు సూస్కో నీ సంగతి."

"గెలిస్తె?"

"గెలిస్తె నీ ఇష్టం. జెప్పితె జెప్పు, లేకుంటె లేదు."

పక్కింటి పిల్లాడు మెల్లగా అడిగాడు. "ఆంటీ, ఆట అయిపోయిందా? ఇప్పుడు నా వంతు."

"నీ వంతే, తియ్యి," అంది ఆమె. నవ్వలేదు. మెట్టు దగ్గరికి వెళ్లి జాకెట్టు దులిపి, పడిపోయిన సూది కోసం వెతుక్కుంది. నేనూ వంగి వెతికాను. దొరికాక ఆమె మళ్లీ హుక్కులు కుట్టడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతి ఆదివారం పిల్ల ఒంటరిగానే వచ్చింది. రెండో వంతులోనే బండ రెండోసారి పడి ఏరుకున్నదంతా పోయింది. లేచి చెప్పులేసుకుని గేటు వైపు పరిగెత్తింది.

"ఎక్కడికే?" అని అరిచింది మా అమ్మాయి.

"అమ్మకు జెప్పొస్త!"

"ఇప్పుడే ఎందుకు? ఆటయ్యాక చెప్పొచ్చుగా!"

ఆగకుండా పోయింది, కాసేపటికి రొప్పుతూ వచ్చింది. పిల్లలకు అది పెద్ద వేళాకోళం అయింది. ఎవరికి పోయినా "పో, అమ్మకు చెప్పిరా" అనడం మొదలుపెట్టారు. ఆఖరికి ఆట మొత్తం అయ్యాకే వెళ్లాలని నేనొక కట్టుబాటు పెట్టాల్సి వచ్చింది.

ఈ కథకు లెక్కల్లో మార్కులు పెరిగాయని ముగింపు రాస్తే పెట్టె అమ్ముకునేవాళ్లకు బాగుంటుంది. కొంచెం పెరిగాయి, నిజమే. డైరీలో ఎర్ర సిరా తగ్గింది. కానీ ఆ పిల్ల ఇప్పటికీ కొన్నిసార్లు "ఇంకొక్కటి" అంటుంది, కొన్నిసార్లు డేరా అంటుంది. ఏ రోజు ఏది అంటుందో ముందు చెప్పలేను. నెత్తురులో వస్తుందా అన్న ప్రశ్నకు కూడా నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో ఏ విషయానికైనా జవాబు నా దగ్గరే ఉండాలని అలవాటైనవాళ్లకు ఇది కొత్త.

మొన్న జాకెట్టు కొలతలకు వెళ్లాను. మిషను ముందు ఆమె ఒక్కతే ఉంది. టేపు మెడలో వేసుకుని, మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు దాన్ని అటూ ఇటూ లాగింది.

"మొదటి దినం బిడ్డ ఉరికొచ్చి 'అమ్మా, ఇయాల అంత పోయింది' అన్నప్పుడు ఆయన అన్నం తింటుండె అక్కా. చేయి కంచంల్నే ఆగింది. నేను 'సరే, పోతె పోయింది, నీళ్లు తాగు' అన్న. అది నీళ్లు తాగి మల్ల మీ ఇంటికి ఉరికింది. ఆయన ఏం అనలే. గప్పటి సంది అది వచ్చుడు, జెప్పుడు. నేను సరే అనుడు. ఆయన ఇనుడు."

"ఊఁ."

"నిన్న పగటీలి బండి గోదాంల వెట్టి ఇంటికొచ్చిండు. గా స్టూలు మీద కూసున్నడు. జెరంత సేపు గుండీల డబ్బ సదిరిండు. గప్పుడు, 'నేనొకటి జెప్త, తిట్టకు' అన్నడు."

"తిట్టావా?"

"ఎట్ల తిడుత? బిడ్డకు ఒట్టు వెట్టినోళ్లం. గది ఆయనకు నడ్వదంటె ఎట్ల?"

అతను ఏం చెప్పాడో ఆమె చెప్పలేదు. పాత సంగతో, కొత్త సంగతో, పెద్దదో, చిన్నదో. అడగకుండా ఉండటం నాకు చేతనయ్యే పని కాదు. అయినా అడగలేదు. ఆమె కళ్లు కొంచెం ఉబ్బి ఉన్నాయి, గొంతు మాత్రం స్థిమితంగా ఉంది. మెడలోంచి టేపు తీసింది.

"చేతులు జర పైకెత్తు అక్కా," అంది.

ఎత్తాను.